ఫోన్లు భద్రం చిట్టీ

చిత్తూరు,
ఆదివారం రాత్రి

చిట్టీ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసి, చెన్నై పార్టీ మీద నువ్వు కేసు వేస్తున్నావని చెప్పింది. మూడు లోడ్ల తోతాపురి మామిడి పల్ప్ దించుకుని, క్వాలిటీ లేదని 38 లక్షలు ఆపేశారట. మీ నాయన ఉంటే "పోతే పోనీలే" అని వదిలేసేవాడు. నువ్వు వదల్లేదు. నాకు గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టడం లేదు.

మామూలు సంగతులు నీ వకీలు చెబుతాడు. డబ్బు రావాల్సిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా పడాలి. మూడు లక్షలు దాటిన వ్యాపార తగాదా కాబట్టి కమర్షియల్ కోర్టుకే పోతుంది. అర్జెంటు ఆర్డర్ ఏదీ అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి. అక్కడే తేలిపోతే మరీ మంచిది. నా భయమంతా మీ ఫ్యాక్టరీలో వాళ్ల జేబుల్లో ఉన్న ఫోన్ల గురించి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు చెబుతాను. 2018 జులై, సీజన్ ఆఖరు. అప్పట్లో పనిచేసే పల్ప్ ఫ్యాక్టరీలో నేను అకౌంట్స్, డిస్పాచ్ రెండూ చూస్తున్నాను. దామలచెరువు నుంచి వచ్చిన కాయ వానకు తడిసింది, బ్రిక్స్, అంటే తీపి కొలత, తగ్గింది. కొనేవాళ్ల మేనేజర్‌కు వాట్సాప్ పెట్టాను: "ఈ లాటులో బ్రిక్స్ కొంచెం తక్కువుంది సార్." పది నిమిషాలకు ఆయన "పర్లేదు, లోడ్ చేయండి" అన్నాడు. లోడ్ చేశాం. తర్వాత వాళ్లు అదే బ్రిక్స్ పేరు చెప్పి డబ్బు ఎగ్గొట్టారు.

2019లో కేసు వేసేటప్పుడు ఆ మెసేజ్ చూసి నాకు గుండె జారిపోయింది. మన తప్పు మనమే రాసిచ్చినట్టు కనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఆ రెండు రోజుల చాట్ మొత్తం చెరిపేశాను. నెల తిరక్కుండానే ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాను. మిగతా చాట్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి వకీలుకు ఇచ్చాను. కమర్షియల్ దావాలో మన దగ్గరున్న కాగితాలన్నీ, మనకు ఎదురు తిరిగేవి కూడా, మొదటే పెట్టాలి. ఇంకేమీ మిగల్లేదని ప్రమాణం చేయాలి. మా యజమాని నన్ను నమ్మి ఆ ప్రమాణం మీద సంతకం పెట్టాడు.

అవతలి వకీలు నా మెసేజ్ ప్రింటు తెచ్చాడు. దాని కింద వాళ్ల మేనేజర్ ఇచ్చిన జవాబు లేదు, కత్తిరించేసుకున్నారు. బ్రిక్స్ సంగతి ముందే తెలిసి ఒప్పుకున్నారని నిరూపించేది ఆ ఒక్క జవాబే. అది నా పాత ఫోన్లో ఉండేది. "ఈ రెండు రోజులవి మీ దగ్గర ఎందుకు లేవు?" అని జడ్జి అడిగితే మా యజమాని నా మొహం చూశాడు. చివరికి సగానికి రాజీ పడ్డాం. బయటికొచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, టీ చెప్పాడు. ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డానే గానీ తాగలేకపోయాను. మనకు ప్రమాణాల దేవుడు కాణిపాకం వినాయకుడు కదా, ఏడాది పాటు ఆ గుడి వైపు పోలేదు చిట్టీ.

అందుకే నీ మీద అరుస్తున్నానని అనుకోవద్దు. మీ చాట్లో మీకు ఎదురు వచ్చే మాట ఏదైనా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. ముందు వకీలుకు చూపించు. ఎవరూ ఏదీ చెరపకూడదని, ఫోన్ మార్చకూడదని అందరికీ రాతపూర్వకంగా చెప్పు. వాట్సాప్‌లో మెసేజులు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపించు. గేటు కెమెరాలో పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది, లోడింగ్ వీడియో ఇంకా ఉంటే వెంటనే కాపీ తీయించు.

ఖర్చు దగ్గర జాగ్రత్త. డేటా తీసే కంపెనీ వాళ్లు వచ్చి అన్ని సిస్టమ్‌లూ, అన్ని సంవత్సరాలవీ తీస్తామంటారు. కాపీ తీయడానికి అయ్యేది ఒక ఎత్తు, అదంతా వకీళ్లు కూర్చుని చదవడానికి అయ్యేది ఇంకో ఎత్తు. అన్నీ చెరగకుండా ఉంచు గానీ, చదివించేది మాత్రం చెన్నై వాళ్ల ఈ సరుకు ఆర్డర్ చూసిన నలుగురిదే, ఆర్డర్ వచ్చిన రోజు నుంచి డబ్బు ఆపిన రోజు వరకే. ఒకే మెయిల్ నలుగురి దగ్గరా ఉంటే ఒక్కటి చదివి మూడు పక్కన పెట్టమను, చెరపొద్దు. వెతికే మాటలు నువ్వే రాసివ్వు, బయటివాళ్లకు తెలియవు. తోతాపురిని మనవాళ్లు నాలుగు రకాలుగా టైప్ చేస్తారు, మండీలో బెంగళూరా అంటారు. లారీ డ్రైవర్లు అసలు టైప్ చేయరు, వాయిస్ మెసేజులే. అవి మాటతో వెతికితే దొరకవు, ఎవరో ఒకరు వినాల్సిందే. వకీలుతో నువ్వు మాట్లాడుకున్నవి మాత్రం విడిగా ఉంచు, వాటిని అవతలివాళ్లకు ఇవ్వక్కర్లేదు.

ఫోన్లోంచి, కంప్యూటర్లోంచి తీసిన కాపీలతో పాటు కోర్టుకిచ్చే సర్టిఫికెట్ మరిచిపోవద్దు. మా రోజుల్లో పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ పేరుతో 65బి అనేవాళ్లం. అసలు ఫోన్ కోర్టు ముందు పెట్టి నిరూపించలేనప్పుడు అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. ఒక భాగం మనం, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. హాష్ విలువ కూడా రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది.

మీ డిస్పాచ్ అబ్బాయి దసరా ఆఫర్లో కొత్త ఫోన్ కొంటున్నాడని మీ అమ్మ మాటల్లో అంది. చెన్నై వాళ్లతో మాట్లాడిందంతా వాడే కదా. ఈ ఉత్తరం చూడగానే వాడికి ఫోన్ చెయ్యి. కొత్త ఫోన్ డబ్బులు నేనిస్తాను, పాతది మాత్రం నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

మీ పెదనాయన