రెండు పిస్టళ్ళ మధ్య ఊగిసలాడుతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చి॥ అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఎయిర్ పిస్టల్ మోరినీ కంపెనీది కొనాలా, స్టెయిర్ కంపెనీది కొనాలా తేలక నిద్ర పట్టడం లేదన్నావు. నాన్న చిట్టీ పాడి తెచ్చిన డబ్బు కదా, టెన్షన్ ఉంటుంది. అందుకే ఫోన్లో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక భయం వదిలెయ్యి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ అంటే ఆ చిన్న సీసపు గుండు 4.5. ఈ రెండిట్లో దేన్ని బిగింపులో పెట్టి కాల్చినా పెల్లెట్లన్నీ ఆ వలయంలోనే పడతాయి. రెండూ కిలోకి అటూ ఇటూ, అంటే రూలు ఒప్పుకునే 1500 గ్రాములకి బాగా లోపే. ఏది బాగా కాలుస్తుందని అడగకు. నీ చేతిలో ఏది కుదురుకుంటుందో చూడు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రేంజిలో ఒకతను మెడల్ కొట్టాడని అదే మోడల్ తెప్పించుకున్నాను. గ్రిప్, అంటే పట్టుకునే పిడి, లార్జ్, నా చెయ్యి మీడియం. వాడగా వాడగా అలవాటవుతుందన్నాడు అమ్మినాయన. వేలు ట్రిగ్గర్‌కి సరిగా అందక చెయ్యి మెలితిప్పి నొక్కేవాణ్ణి. రెండేళ్ళపాటు గుళ్ళన్నీ కింద ఎడమకే. తప్పు నా చూపుదనుకుని కళ్ళద్దాలు కూడా మార్పించుకున్నాను. ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నీకది రాకూడదు.

అందుకని కొనేముందు రేంజిలో ఆ రెండూ ఉన్నవాళ్ళని బతిమాలి పట్టుకుని చూడు. ఖాళీదని నీ కళ్ళతో చూసుకున్నాకే పట్టుకో, గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. కళ్ళు మూసుకుని చెయ్యెత్తు, ఊపిరి నిలకడయ్యాక కళ్ళు తెరువు. గురి చూసే ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో ఉందా? పక్కకి పోయిందా? పోతే మణికట్టు తిప్పి సరిచెయ్యకు, ఆ గ్రిప్ నీది కాదు. ఇలా పదిసార్లు చెయ్యి. తర్వాత ఓ ఇరవై నిమిషాలు మామూలుగా ప్రాక్టీసు చేసి అరచెయ్యి చూసుకో. బొటనవేలి మొదట్లో ఒక్కచోటే కంది ఉంటే బరువంతా అక్కడే పడుతున్నట్టు. అరచెయ్యంతా సమంగా ఎర్రబడితే బాగా కూర్చున్నట్టు. చెక్క గ్రిప్‌ని కాస్త అరగదీయొచ్చు, పుట్టీ పెట్టొచ్చు. సైజే తప్పితే మాత్రం ఎంత చెక్కినా లాభం లేదు.

ఇక ట్రిగ్గర్. నువ్వు చూసిన మోరినీది ఎలక్ట్రానిక్, బ్యాటరీతో పనిచేస్తుంది. నొక్కుడు చాలా తేటగా ఉంటుంది. స్టెయిర్‌ది మెకానికల్. ఏదైనా 500 గ్రాముల బరువు తగిలించినా ట్రిగ్గర్ కదిలి పేలకూడదు. పోటీ ముందు బరువు వేలాడదీసి చూస్తారు కాబట్టి కొంచెం ఎక్కువకే పెట్టుకో. నన్నడిగితే, చేతికి రెండూ సమానంగా కుదిరితే నీకు మెకానికలే మంచిది. మీ గుణుపురంలో గానీ ఇక్కడ గానీ ఆ ఎలక్ట్రానిక్ బోర్డు బాగుచేసేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి ఎన్ని నిమిషాలు పోయాయో నువ్వూ చూశావు. అంతటి అమ్మాయి పక్కన బాగుచేసేవాళ్ళు ఉంటేనే అలా అయింది. చేతికి మోరినీయే నచ్చితే అదే తీసుకో, కానీ రిపేరు ఎక్కడ చేయిస్తావో ముందే కనుక్కో.

సెకండ్‌హ్యాండ్ దొరికితే పెల్లెట్‌ని తోసే గాలి నింపే సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడు. గడువు దాటిన సిలిండర్ వద్దు, అసలు నింపడమే ప్రమాదం. 0.177 అంగుళాల, అంటే ఈ 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదని నాన్నకి చెప్పు, ఆయన కంగారు తగ్గుతుంది. పాయింట్ టూటూకి, అంటే మందుగుండు తూటా కాల్చే పిస్టల్‌కి వెళ్ళినప్పుడే అది కావాలి.

వచ్చే ఆదివారం పొద్దున్న రైలుకి వచ్చెయ్యి. వచ్చేముందు కుడిచెయ్యి కాగితం మీద ఆనించి, వేళ్ళు చాచి, పెన్సిల్‌తో చుట్టూ గీసుకుని తీసుకురా. గ్రిప్ సైజు కలిసే చూద్దాం.

మీ అత్త నీకోసం అరిసెలు చేస్తానంటోంది.

మావయ్య