కడుపుతో ఉన్నానని తెలియక కల్లు తాగాను, బిడ్డకి ఏమన్నా అవుతుందా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారు. నాకు 27 ఏండ్లు, మాది కామారెడ్డి దగ్గర ఒక ఊరు. మొదటి కాన్పు, ఇప్పుడు పదో వారం నడుస్తుంది. నాకు పీరియడ్స్ ముందు నుంచీ కరెక్టుగా రావు, అందుకే ఏడో వారం దాకా ప్రెగ్నెన్సీ అని తెలియలే. ఐదో వారంలో దసరాకి అత్తగారింట్ల మూడు నాలుగు రోజులు రోజుకో సీసా కల్లు తాగిన, తర్వాతి వారం హైదరాబాద్‌లో ఫ్రెండ్ ఫంక్షన్‌కి పోతే వైన్ రెండు గ్లాసులు తాగిన. తెలిసిన రోజు నుంచి మాత్రం ముట్టలేదు. మా అత్తమ్మ ఏమో కల్లు చల్వ చేస్తది, నేను తాగుకుంటనే ముగ్గుర్ని కన్న, ఏం కాలే అంటది. మా ఆయన నెట్‌లో ఏదేదో చదివి భయపడి తీయించేసుకుందామా అంటున్నడు. స్కాన్‌లో తెలుస్తుందా? ఇంకో సంగతి, మా యారాలికి నాలుగో నెల. ఆమె రోజూ సీసా కల్లు తాగుతది, ఒక్కరోజు తాగకపోతే చేతులు వణుకుతయ్. డాక్టర్‌కి చెప్తే తిడతారని చెప్పదు. ఏం చేయాలె?

డాక్టర్ సలహా:

తీయించుకోవడం అనే మాట ముందు పక్కన పెట్టండమ్మా. తెలియక తాగారు, తెలియగానే ఆపేశారు, ఆ ఒక్క కారణంతో అబార్షన్ చేయించుకోమని నేను చెప్పను. మీలాగా మొదట్లో తెలియక కొంచెం తాగి, తెలిసిన రోజే ఆపేసిన వాళ్లలో ఎక్కువమందికి పిల్లలు బాగానే పుడతారు. మీ ఆయనకి ఈ నాలుగు లైన్లు చదివి వినిపించండి, ఆ తర్వాతే మిగతాది చదవండి.

అట్లాగని అసలు ఏమీ కాదు అని సంతకం పెట్టి ఇవ్వలేను కూడా. పీరియడ్ లెక్కన మొదటి నాలుగు వారాల్లో ఐతే పిండం చాలా చిన్నది, అప్పుడు గట్టి దెబ్బ తగిలితే నిలవదు, నిలిస్తే మామూలుగానే పెరుగుతుంది అని మేము పేషెంట్లకి ధైర్యం చెప్తుంటాం. మీరు తాగింది ఐదు, ఆరు వారాల్లో, అంటే గుండె కొట్టుకోవడం మొదలయ్యే టైం, మెదడుకి వెన్నుపాముకి పునాది పడే టైం. ప్రమాదం ఎంత అనేది ఎంత తాగారు, ఒక్కసారే ఎంత తాగారు, ఎన్ని రోజులు తాగారు అనేదాన్ని బట్టి పెరుగుతుంది. మీ విషయంలో అది కొద్దిరోజుల ముచ్చట, అదే మీకు కలిసొచ్చింది.

ఇంక కల్లు సంగతి. మన దగ్గర చాలామందికి కల్లు అంటే మందు కాదు అని ఒక నమ్మకం. ఓపీలో "మందు తాగుతావా అమ్మా" అని అడిగితే "ఛీ ఛీ లేదు డాక్టరమ్మా" అంటారు, అదే మనిషిని "కల్లు?" అని అడిగితే "అది అప్పుడప్పుడు" అంటారు. అందుకే నేను ఈ రెండూ విడివిడిగా అడగడం అలవాటు చేసుకున్నాను. లెక్క చూడండి, 30 ఎంఎల్ విస్కీ పెగ్గులో ఆల్కహాల్ 10 గ్రాముల దగ్గర ఉంటుంది. పులిసిన కల్లులో సుమారు 4 శాతం ఉంటుంది అనుకున్నా బీరు సీసా సైజు, అంటే 650 ఎంఎల్ కల్లు తాగితే దాదాపు 20 గ్రాములు, రెండు పెగ్గులతో సమానం. పొద్దున చెట్టు మీద నుంచి దింపినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఇంకా ఎక్కుతుంది. ఒంటికి చల్వ అనిపించొచ్చు, నేను కాదనను, కానీ లోపల బిడ్డకి చేరేది చల్వ కాదు, ఆ ఆల్కహాలే.

ఎట్లా చేరుతుందో కూడా చెప్తా. మనం తాగింది రక్తంలో కలుస్తుంది, అక్కడి నుంచి మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది, మాయ దాన్ని ఆపలేదు. కాసేపటికి తల్లి రక్తంలో ఎంత ఉంటుందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లికి లివర్ ఉంది, గంటగంటకీ కొంచెం కొంచెం కరిగించేస్తుంది, బిడ్డ లివర్‌కి ఇంకా ఆ పని చేతకాదు. పైగా అది ఉమ్మనీటిలోకి కూడా చేరుతుంది, బిడ్డ ఆ ఉమ్మనీరే మింగుతుంది, మళ్లీ అందులోనే పోస్తుంది, మళ్లీ మింగుతుంది, అంటే తల్లికి మత్తు దిగిపోయి తన పని తను చేసుకుంటున్న టైంలో కూడా లోపల బిడ్డ ఇంకా ఆ నీళ్లలోనే ఉంటుంది.

దీనివల్ల అబార్షన్ కావొచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావొచ్చు, బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, గుండెలో కిడ్నీల్లో లోపాలు రావొచ్చు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది మెదడుకి తగిలే దెబ్బ, ఎందుకంటే అది పుట్టినప్పుడు కనపడదు. కొన్నేళ్ల కింద ఒకామె రెండో కాన్పు చెకప్‌కి వచ్చింది, వెంట ఆరేళ్ల కొడుకు. వాడు కుదురుగా కూర్చోడు, తల్లి కొంగు పట్టుకుని టేబుల్ చుట్టూ తిరుగుతున్నాడు, ఆమె నవ్వుతూనే చెప్పింది, "పొద్దున ఒకటి నుంచి ఐదు దాకా నేర్పిస్త, మాపటికి మర్చిపోతడు, బడిల మొద్దు అంటున్నరు" అని. నేను వాడి మొహం చూశాను. మనకి ముక్కు కింద నుంచి పెదవి దాకా చిన్న గాడి ఉంటుంది కదా, వాడికి అక్కడ తుడిచేసినట్టు చదునుగా ఉంది, పై పెదవి గీత గీసినంత సన్నం, కళ్లు చిన్నగా, తల వయసుకి చిన్నది. మెల్లగా అడిగాను, వీడు కడుపులో ఉన్నప్పుడు ఏమన్నా తాగేదానివా అని. రోజూ కల్లు అంది. "అప్పుడు నన్ను ఎవ్వరూ అడగలే డాక్టరమ్మా" అంది. పిల్లల డాక్టర్‌కి రాసి పంపించాను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు, ఎందుకంటే అడగాల్సింది మేమే.

మొహంలో కూడా ఇట్లా గుర్తులు ఉంటే దీన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అంటారు, కడుపులో ఉన్నప్పుడు ఆల్కహాల్ తగలడం వల్ల వచ్చే సమస్యలన్నిటినీ కలిపి ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటారు. ఆ మొహం గుర్తులు కొందరికే ఉంటాయి, చాలామంది పిల్లలు చూడ్డానికి మామూలుగానే ఉంటారు, చదువు ఎక్కదు, ఒకచోట కూర్చోలేరు, చెప్పింది గుర్తుండదు, లెక్కలు రావు, కోపం ఆపుకోలేరు. ఇంట్లో మొండోడు అంటారు, బడిలో మొద్దు అంటారు, అసలు కారణం ఎవరికీ తట్టదు. ఇది తర్వాత మందులతో పోయేది కాదు, కాకపోతే చిన్నప్పుడే గుర్తిస్తే స్పెషల్ ట్రైనింగ్‌తో చాలా సాయం చేయొచ్చు.

మీ అత్తమ్మ మాటకి వస్తాను. ఆమె అబద్ధం చెప్పట్లేదు, ఆమె చూసింది చెప్తుంది. తాగిన ప్రతి తల్లికీ ఇట్లాంటి బిడ్డ పుట్టదు. ప్రపంచం మొత్తం మీద వేసిన ఒక అంచనా ప్రకారం ప్రెగ్నెన్సీలో తాగిన ప్రతి 13 మందిలో ఒకరి బిడ్డకి ఈ రకం సమస్య వస్తుంది. అంటే పన్నెండు మంది "నాకేం కాలే" అని చెప్పుకుంటారు, ఆ పదమూడో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మనం పన్నెండులో ఉంటామో పదమూడోది అవుతామో ముందే చెప్పే టెస్ట్ లేదు. ఇంకొకటి, ఇది డాక్టర్లకే మరీ పాత సంగతి కాదు. ఫ్రాన్స్‌లో 1968లో, అమెరికాలోని సియాటెల్‌లో 1973లో డాక్టర్లు పిల్లల్ని పరీక్షించి రాసేదాకా దీని మీద పెద్దగా పట్టింపే లేదు, ఆ రోజుల్లో నెలలు నిండకుండా నొప్పులు వస్తే ఆపడానికి ఆల్కహాల్‌నే సెలైన్‌లా ఎక్కించేవాళ్లు. కాబట్టి పెద్దవాళ్ల మీద కోపం వద్దు. "అత్తమ్మా, అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలిసింది" అని చెప్పండి చాలు.

వైన్ గురించి కూడా అడుగుతారు, రెడ్ వైన్ తాగితే బిడ్డ ఎర్రగా పుడతాడట కదా అని. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, గ్లాసులోంచి రాదు. కొంచెం ఐతే పర్లేదు అనేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో ఒకప్పుడు తాగితే వారానికి ఒకటి రెండు సార్లు, అదీ కొంచెమే, అంతకు మించొద్దు అనేవాళ్లు, 2016లో దాన్ని మార్చి అసలే వద్దు అన్నారు. ఇంత వరకు సేఫ్ అని గీత గీయడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు, అందుకే కాన్పు అయ్యేదాకా మీకు ఇక చుక్క కూడా వద్దు. అరిష్టాలు ఆసవాలు అని ఆయుర్వేదం షాపులో దొరికే టానిక్కుల్లో కూడా పులియడం వల్ల వచ్చిన ఆల్కహాల్ ఉంటుంది, అడగకుండా తాగకండి. కాన్పు తర్వాత సలి చేస్తదని బాలింతకి బ్రాందీ పట్టించేవాళ్లు కొన్నిచోట్ల ఉన్నారు, అది పాలల్లో కలుస్తుంది, అదీ వద్దు.

స్కాన్ అడిగారు. 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 22 మధ్య టిఫా స్కాన్ ఎట్లాగూ చేయించుకోవాలి, టిఫాలో గుండె, కిడ్నీలు, వెన్ను చూస్తారు, అవసరం అనుకుంటే గుండెకి విడిగా ఫీటల్ ఎకో రాస్తారు. అవి నార్మల్ వస్తే మంచి కబురే. కానీ మెదడు రేపు ఎట్లా పనిచేస్తుంది అనేది ఏ స్కాన్‌లోనూ కనపడదు, అది చూపిస్తాం అని ఎవరన్నా ప్యాకేజీ చెప్తే డబ్బులు పోసుకోకండి. ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోండి. మెదడు తొమ్మిదో నెల దాకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మీరు ఆపేసిన రోజు నుంచి బిడ్డకి లాభమే. మీ ఆయన తాగే అలవాటు ఉంటే ఈ కొన్ని నెలలు ఆయన కూడా ఆపితే మీకు సగం కష్టం తగ్గుతుంది, ఎదురుగా సీసా పెట్టి నువ్వు తాగకు అంటే ఎవరికైనా కష్టమే కదా.

ఇప్పుడు మీ యారాలు. నాకు మీకంటే ఆమె గురించే ఎక్కువ భయంగా ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. ఆమెను ఇవాళే కల్లు బంద్ చేయమని ఇంట్లో బలవంతం పెట్టకండి. చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో సీసాల్లో అమ్మే దాంట్లో చాలాచోట్ల నీళ్లు, శాకరిన్, మత్తు కోసం ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతున్నారు. ఒక్కరోజు మానితే చేతులు వణుకుతున్నాయి అంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోయిందని అర్థం, ఆల్కహాల్‌కో, కలిపిన ఆ మత్తుమందుకో, రెండింటికో. 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకి వచ్చారో మీ అత్తమ్మకి గుర్తుండే ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషికి ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకి వస్తుంది. అట్లాగని తాగుతూ ఉండమని కాదు, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. డాక్టర్ చేతుల మీద ఆపాలి అంటున్నా. గైనకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ఇద్దరూ ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే అడ్మిట్ చేసుకుని, కొలిచిన డోసులో మందు ఇచ్చి, రోజుల లెక్కన తగ్గించుకుంటూ వస్తారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని సొంతంగా వేయకండి. చెమటలు పట్టడం, నిద్ర అసలు పట్టకపోవడం, లేనివి ఉన్నట్టు మాట్లాడటం, ఫిట్స్, వీటిలో ఏది కనపడినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. కాన్పు కూడా పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే పెట్టుకోవాలి, ఎందుకంటే కల్లులో కలిపే ఈ మత్తుమందులకి అలవాటైన తల్లి బిడ్డ పుట్టాక మెత్తగా వేలాడినట్టు ఉండొచ్చు, పాలు సరిగ్గా పీల్చకపోవచ్చు, వణకొచ్చు, అక్కడి డాక్టర్లకి ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటారు.

తిడతారని భయం అన్నారు. మా వాళ్లలో కొందరు తిడతారు, అది మా తప్పు, సిగ్గుపడాల్సింది ఆమె కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో ఆల్కహాల్ తాగేవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఒకరికి కాస్త ఎక్కువ ఉంటే తెలంగాణలో దాదాపు ఏడుగురు ఉన్నారు, కాబట్టి మన దగ్గర పనిచేసే డాక్టర్‌కి ఇది కొత్త సంగతేం కాదు. పోలీసులకి చెప్పరు, కేసు కాదు. ముందు ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే 14416 టెలీ మానస్ అని మనసు సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, అలవాటు మానడానికి 14446 కూడా ఫ్రీ నంబరే.

ఈ వారమే ఆమెతో మీరు కూడా వెళ్లండి. లోపల ఆమెకి నోరు రాకపోతే మీరు చెప్పండి, రోజుకి ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఆఖరిసారి ఎప్పుడు తాగింది అని. ఆ మూడు చెప్తే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.