అక్టోబర్, నవంబర్‌ల అమ్రాబాద్ అడవికి పోవాలంటే

చిరంజీవి సౌజన్యకు,

మీ పెద్దనాయిన దీవెనలు. దసరా సెలవులల్ల పిల్లలను తీసుకొని అమ్రాబాద్ అడవి చూసొస్తమని రాసినవు. పోవుడు మంచిదే గని, ఆ సెలవులల్ల మాత్రం వద్దు.

జులై 1 నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా ఈ అమ్రాబాద్ టైగర్ రిజర్వుల సఫారీ బంద్ ఉంటది. అక్టోబర్‌ల తెరుస్తరు. తెరవంగనే దసరా, దాని ఎనుకనే కార్తీకం. హైదరాబాద్ దిక్కు నుంచి శ్రీశైలం పోయే బండ్లన్నీ ఈ అడవి నడుమ రోడ్డు మీదనే పోవాలె. శనివారం నుంచి సోమవారం దాకా మన్ననూర్ చెక్‌పోస్టు కాడ బండ్ల బారు కదలదు. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తిన్రంటే ఇగ చెప్పనే వద్దు. కార్తీక పున్నమి తప్పించి, మంగళవారమో బుధవారమో పెట్టుకో. బయలుదేరే ముందు రోజు వాన సంగతి కనుక్కో. ఈ కాలంల తుఫాను పడి డిండి ప్రాజెక్టు అలుగు దుంకితే రోడ్డుకే ఎసరు.

రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాకా అడవి రోడ్డు మీద బండ్లను ఇడువరు. శ్రీశైలం దాకా పోతే సాయంత్రం ఆరు లోపల్నే తిరుగుముఖం పట్టాలె. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్‌ల దిగమను మీ ఆయనను. బ్రేకు మీదనే కాలు పెట్టి దిగితే కింది మలుపులకు వచ్చేసరికి బ్రేకులు కాగి పట్టవు. పెట్రోలు, నగదు అచ్చంపేటలనే చూసుకోవాలె. మన్ననూర్ దాటినంక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. సఫారీ, రాత్రి బస అటవీ శాఖ వెబ్‌సైట్‌ల ముందుగనే బుక్ చేసుకొని, టికెట్ ఫోన్‌ల దాచుకో. ప్లాస్టిక్ సీసాలు తేవద్దు, స్టీలు సీసాలు పట్టుకపో.

పిల్లలకు పులిని చూపిస్తనని మాట ఇయ్యకు. ఇప్పుడు బోదగడ్డి మనిషెత్తు లేచి ఉంటది, వాగు వంకల నిండ నీళ్లుంటయి. ఎండకాలమైతే అటవీ శాఖోళ్లు నింపే సాసర్ పిట్ల (నేలల కట్టిన నీళ్ల తొట్ల) కాడికి జంతువులు రాక తప్పదు. ఇప్పుడు వాటికి ఆ అవసరమే లేదు. ఇంగ ఇంటర్నెట్‌ల చూసి ఎర్రటాకుల అడవి అనుకుంటున్నరేమో, మన నల్లమల టేకు, నల్లమద్ది ఆకు రాల్చేది సంక్రాంతి దాటినంకనే. ఇప్పుడంత పచ్చగనే ఉంటది. ఈ కాలంల చూడవలసింది నీళ్లు, జాడలు, పిట్టలు.

జాడ అంటే ఎట్ల చూడాలెనో పిల్లలకు నేర్పు. సఫారీ దారిల వాన ఎండి ఎండని మట్టి మీద బాగ పడుతది. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటయి, అందుకే జాడల గోటి గుర్తు ఉండదు. రేసుకుక్క (అడవి కుక్క) జాడ ముందర గోళ్లు గుచ్చినట్టు కనబడుతయి. ఎలుగుబంటిదైతే వేళ్లకు చాన ఎడంగ పొడుగు గోళ్ల గీతలుంటయి. కొండముచ్చు చెట్టు మీద నుంచి ఉలిక్కిపడ్డట్టు అరిస్తే, డ్రైవర్‌ను బండి ఆపి ఇంజన్ బంద్ చేయుమను. పులో చిరుతో కనబడితేనే అది అట్ల అరుస్తది, దాని కండ్లు ఎటు చూస్తే అటే చూడాలె. జీపుల చెంచు గైడ్ ఉంటే మాట్లాడుడు తగ్గించి అతను చూపించిన దిక్కు చూడుర్రి.

వటవర్లపల్లి కాడ లోపలికి తిరిగితే మల్లెలతీర్థం. మెట్లు 350 దాకా ఉంటయి. దిగుడు అల్కగనే ఉంటది, ఎక్కుడే కష్టం. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తమ్మను దించకు. కింద రాళ్ల మీద పాకుడు పట్టి ఉంటది. చెప్పులిడిసి ఉత్త కాళ్లతో పోతే ఇంకా జారుతది, అడుగున గాడులున్న బూట్లే మంచివి. నీళ్లు ఎర్రగ మారినయంటే, చెత్త కొట్టుకొస్తుందంటే ఎగువల వాన పడ్డట్టు. ఫోటో సంగతి ఇడిసి వెంటనే మెట్లెక్కాలె. మధ్యాహ్నం మూడింటికల్ల పైకి రావాలె, లోయల పొద్దు తొందరగ గూకుతది.

రోడ్డు పొంటి సీతాఫలాలు అమ్ముతరు, కొనకుండ ఉండలేవు. కన్నులు ఎడమై, వాటి నడుమ గీతలు తెల్లగ తేలినవి తీసుకో, రెండు రోజులల్ల పండుతయి. గీతలు తేలని ఆకుపచ్చవి పండకుండనే నల్లబడుతయి. అడవి లోపల మాత్రం సంచి బయటికి తీయకు. కోతులకు తిండి పెట్టుడు పుణ్యం కాదు, అవి అలవాటు పడి రోడ్డు మీదనే కూసుంటయి, బండ్ల కింద పడి సస్తయి.

వానలు ఎనుకపట్టినంక పొదలల్ల, గడ్డిల పిడుదులు, కంటికి ఆనని చిన్న పురుగులు ఎక్కువ. నిండు చేతుల అంగీ, ప్యాంటు తొడిగి, ప్యాంటు అంచు సాక్సుల దోపాలె. గడ్డి మీద దుప్పటి పరిచి కూసోవద్దు. బసకు రాంగనే బట్టలు వేడినీళ్లల్ల వేసి, పిల్లల చంకలు, గజ్జలు, చెవుల ఎనుక చూడు. పిడుదు అంటుకుంటే నూనె పోసుడు, నిప్పు పెట్టుడు చేయకు; సన్నటి చిమటతో (ట్వీజర్‌తో) తోలుకు దగ్గర పట్టి మెల్లగ నిటారుగ గుంజాలె.

తిరిగొచ్చినంక మూడు వారాల లోపల ఎవరికన్న జ్వరం వస్తే ఒంటి మీద ఎక్కడన్న సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతుకు. అది స్క్రబ్ టైఫస్ గుర్తు, అంటే ఆ కంటికి ఆనని పురుగులు కుడితే వచ్చే జ్వరం. పొక్కు లేకున్నా వచ్చిండొచ్చు. అందుకే డాక్టర్‌కు మొదటి మాటలనే అడవికి పోయొచ్చినమని చెప్పాలె. మందు తొందరగ పడితే తొందరగనే తగ్గుతది.

మీ పెద్దనాయిన