అభిప్రాయం అడగకండి, జరిగిన తగాదా అడగండి

ఊళ్లో తగాదాలు ఎలా తీరుతున్నాయన్న మీ అధ్యయనం కోసం ఇంటింటికీ తిరిగినా అందరూ "కోర్టంటే నమ్మకమే" అన్నారు, మరి తగాదాలన్నీ పెద్దమనుషుల దగ్గరికే ఎందుకు వెళ్తున్నాయో తేలడం లేదన్నారు కదా. లోపం ప్రశ్నలోనే ఉందండీ. నమ్మకం గురించి అడిగితే కొత్తవాళ్లకు మర్యాద జవాబే ఇస్తారు.

"గత మూడేళ్లలో గట్టు దగ్గర, నీళ్ల వంతు దగ్గర, అప్పు విషయంలో ఎవరితోనైనా గొడవ వచ్చిందా?" అని విడివిడిగా అడగండి. ఉత్తగా "తగాదాలున్నాయా" అంటే లేవనేస్తారు. ఉందంటే మొదట ఎవరికి చెప్పారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అన్నవి వరసగా రాబట్టండి. ఎవరికీ చెప్పకుండా వదిలేసినవి తప్పక రాసుకోండి, అవి కోర్టు రికార్డులో ఎన్నటికీ కనపడవు. ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి. మగవాళ్ల ముందు కట్నం, ఆస్తి వాటా సంగతులు బయటికి రావు.

చివరికి చేతిలో ఏ కాగితం మిగిలిందో చూడండి. లోక్ అదాలత్ అవార్డుకు, అంటే అక్కడ కుదిరిన రాజీ తీర్పుకు, 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 21 కింద సివిల్ కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. పెద్దమనుషుల కాగితంతోనే భూమి హక్కు చేతులు మారితే, విలువ 100 రూపాయలు, ఆపైన ఉంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాని ఆ కాగితానికి ఊరు ఎందుకు కట్టుబడుతోందో పట్టుకోండి, మీ అధ్యయనానికి అదే అసలు సరుకు.