నువ్వు వాడేదే నీ ప్రాజెక్ట్

చి. బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. రుషికొండలో ఆఫీసు, మధురవాడలో గది కుదిరాయని అక్క చెప్పింది. గాజువాక నుంచి వచ్చే నీ తోటివాళ్లలా రెండు పూటలా బస్సులో నలగక్కర్లేదన్నమాట. ఆ మిగిలే టైంతో ఏం చెయ్యాలో నువ్వే అడిగావు కాబట్టి రాస్తున్నాను.

"ఓపెన్ సోర్స్‌లో కంట్రిబ్యూట్ చెయ్యాలి పిన్నీ, ఏ ప్రాజెక్ట్ పట్టుకోను? రెజ్యూమెలో బాగా కనపడేది చెప్పు" అన్నావు. ప్రాజెక్ట్ కోసం వెతక్కురా. పొద్దున లాప్‌టాప్ తెరిచింది మొదలు నువ్వు ముట్టుకునేదంతా ఎవరో రాసి నలుగురికీ వదిలినదే. మీ సర్వర్ మీద లినక్స్, ముందు రిక్వెస్టులు అందుకునే ఎన్జినెక్స్, వెనక డేటా దాచే పోస్ట్‌గ్రెస్, నీ చేతిలో కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్, నీ బ్రౌజర్‌లో సగానికి పైగా. వీటిలో ఏది నిన్ను ఈ వారం ఇబ్బంది పెట్టిందో అదే నీ ప్రాజెక్ట్. నీకు అవసరం లేని దాంట్లో దూరి చేసే పని ఎవరికీ అవసరం ఉండదు.

2020 అక్టోబర్‌లో జరిగిన గోల నీకు తెలిసి ఉండదు. హాక్టోబర్‌ఫెస్ట్ అని ఏటా ఒక కార్యక్రమం జరుగుతుంది. ఆ ఏడాది నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే ఈ మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి అనే విన్నపాలు, పంపితే టీ షర్ట్ అన్నారు. ఇక చూడు, ముక్కూ మొహం తెలియని ప్రాజెక్టుల పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో "అద్భుతమైన ప్రాజెక్ట్" అని రెండు మాటలు చేర్చి పంపినవాళ్లు కుప్పలుతెప్పలు. మెయింటెయినర్లకు, అంటే ఆ ప్రాజెక్టులను చూసుకునేవాళ్లకు, వాటిని మూసెయ్యడమే పనైపోయింది. నెల మొదట్లోనే నియమం మార్చి, సరేనని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని ప్రకటించాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇప్పుడు పుల్ రిక్వెస్ట్ తెరిచి లోపల ఏముందో చూస్తారు. నేనైతే చూస్తాను.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఎర్రర్ దగ్గర. ఎర్రర్ రాగానే దాన్ని తీసుకెళ్లి చాట్‌బాట్‌లో అతికించడం మీకు అలవాటు. నేనూ చేస్తాను, తప్పేం లేదు. కానీ దానికి ముందు స్టాక్ ట్రేస్‌లో, అంటే ఎర్రర్ ఏయే ఫైళ్ల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో, మీ సొంత ఫైలు పేరు ఎక్కడుందో వెతుకు. దాని పక్కనే లైబ్రరీ (వేరేవాళ్లు రాస్తే మనం తెచ్చి వాడుకునే కోడ్) ఫైలు పేరు, లైన్ నంబరు ఉంటాయి. ఆ ఫైలు నీ డిస్క్ మీదే ఉంది. నోడ్ అయితే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో, పైథాన్ అయితే సైట్ ప్యాకేజెస్‌లో. తెరిచి చదువు. అవసరమైతే అక్కడే ఒక ప్రింట్ పెట్టి మళ్లీ నడిపించు, తర్వాత తీసెయ్యి. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ ఫోల్డర్లలోకి అడుగు పెట్టరు, అదేదో గర్భగుడి అయినట్టు. లోపల ఉండేది మనలాంటివాళ్లు రాసిన ఇఫ్‌లూ ఎల్స్‌లే.

నువ్వు చదువుతున్న డాక్యుమెంటేషన్ ఏ వెర్షన్‌దో కూడా చూసుకో. మీ ప్రాజెక్ట్‌లో ఉన్నది పాతది, గూగుల్ చూపించింది కొత్తది అయితే రోజంతా తల గోక్కుంటావు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోయిందంటే ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసి ఉండే ఛేంజ్‌లాగ్ చూడు. మీ కోడ్‌లోనే ఎక్కడో చెడిందనిపిస్తే గిట్ బైసెక్ట్ వాడు. మధ్యకు విరుచుకుంటూ పోతుంది కాబట్టి వెయ్యి కమిట్లున్నా (గిట్‌లో దాచిన ఒక్కో మార్పూ ఒక కమిట్) పది పరీక్షల్లో దోషి దొరుకుతుంది.

తప్పు లైబ్రరీదే అని తేలిందనుకో. అప్పుడు ఇష్యూ, అంటే ఆ ప్రాజెక్ట్ పేజీలో ఫిర్యాదు, రాయాలి. మన కుర్రాళ్లు చాలామంది ఇక్కడే చెడగొడతారు. "ప్లీజ్ హెల్ప్ సర్, వెరీ అర్జెంట్, రేపు క్లయింట్ డెమో" అని రాస్తారు. అవతలివాడు నీకు ఉద్యోగి కాదు. వాడు తన ఆఫీసు పని అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక దీన్ని తెరుస్తాడు. మీ క్లయింట్ ఎవరో వాడికి తెలియదు, మీ కోడ్ కనపడదు. కాబట్టి మీ ప్రాజెక్ట్‌తో సంబంధం లేకుండా, ఖాళీ ఫోల్డర్‌లో, వీలైనంత తక్కువ లైన్లలో అదే తప్పు మళ్లీ వచ్చేలా చెయ్యి. ఇలా తగ్గించుకుంటూ పోతుంటే చాలాసార్లు తప్పు మనదేనని మధ్యలో బయటపడుతుంది. అప్పుడు ఇష్యూ రాసే పనే తప్పుతుంది, అదీ మంచిదే. తప్పు వాళ్లదే అయితే ఆ చిన్న కోడ్, వెర్షన్లు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది, ఇవి రాయి. ఎర్రర్‌ని ఫొటో తీసి పెట్టకు, అక్షరాలుగా అతికించు, తర్వాత వెతికేవాళ్లకు దొరుకుతుంది. రాసేముందు మూసేసిన ఇష్యూల్లో కూడా వెతుకు. లాగ్ అతికించేటప్పుడు అందులో పాస్‌వర్డుల్లాంటి టోకెన్లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు ఉన్నాయేమో కళ్లు పెట్టుకుని చూడు. ఒకసారి పైకి వెళ్లాక డిలీట్ చేసినా ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

చాట్‌బాట్ రాసిచ్చిన బగ్ రిపోర్టును నువ్వు పరీక్షించకుండా పంపావని తెలిస్తే మాత్రం నేను మాట్లాడను. నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే పనిముట్టు రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ ఈ విషయం మీద ఎంత విసిగిపోయాడో బహిరంగంగానే చెప్పాడు. లేని సెక్యూరిటీ లోపాలను ఉన్నట్టు చక్కటి ఇంగ్లీషులో వర్ణించి పంపితే, అవి అబద్ధమని తేల్చడానికి ఆయన మనుషులకు గంటలు పట్టేవి.

ఇక నీ దగ్గర మాత్రమే ఉన్నది, ఏ జర్మనీవాడికీ జపాన్‌వాడికీ లేనిది ఒకటుంది. తెలుగు చదవడం. అందుకే నీ మొదటి పని ఇక్కడ చూసుకోమంటాను.

మీ ఆఫీసులో చేస్తున్నది మన జిల్లా జనం వాడే యాప్ అన్నావు కదా. అందులో "విశాఖపట్నం" అని కొట్టి చూడు. మనకు ఐదక్షరాలు: వి, శా, ఖ, ప, ట్నం. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే పది అంటుంది. గుడి, దీర్ఘం, పొల్లు, సున్న అన్నీ యూనికోడ్‌లో, అంటే అన్ని లిపులకూ సంకేతాలిచ్చే ప్రమాణంలో, విడివిడి సంకేతాలు కదా. ఆ సంకేతాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో దాస్తే ఒక్కో సంకేతానికి మూడు చొప్పున ముప్పై బైట్లు. ఇప్పుడు ఎవరో స్క్రీన్ మీద చోటు చాలదని ఎనిమిది దగ్గర కోసి పక్కన మూడు చుక్కలు పెట్టారనుకో. "విశాఖపట్" అని మిగులుతుంది. ఇంగ్లీషులో పరీక్షించినవాడికి ఇది ఎప్పటికీ కనపడదు. ఒత్తున్న తెలుగు అక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. కాబట్టి మీరు వాడే లైబ్రరీ దాన్ని అందుకుందో లేదో నువ్వే పరీక్ష రాసి చూడాలి. అందుకోకపోతే ఆ పరీక్షే నీ మొదటి పుల్ రిక్వెస్ట్.

ఎస్సెమ్మెస్ కూడా అంతే. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే. బిల్లు రెట్టింపు దాటినప్పుడు మేనేజర్ నిన్నే అడుగుతాడు. మైసీక్వెల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరున్నది మూడు బైట్ల దాకానే పట్టుకుంటుంది. తెలుగు సరిగ్గా మూడులో ఇమిడిపోతుంది కాబట్టి అందరూ అంతా బాగుందనుకుంటారు. ఎవరో ఆవిడ ఇంటి పేరు పక్కన నాలుగు బైట్లు పట్టే నవ్వు బొమ్మ పెట్టిన రోజున ఎర్రర్ వస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి.

ఒత్తులు కింద తెగిపోవడం మరొకటి. లైన్ ఎత్తును ఇంగ్లీషుకు సరిపెట్టి, పొంగినదాన్ని దాచేస్తే "స్త్రీ", "రాష్ట్రం" లాంటివాటికి కాళ్లు ఉండవు. తప్పెవరిదో తేల్చాలంటే ఫాంట్ మార్చి చూడు. నోటో సాన్స్ తెలుగుతో ఒకసారి, మండలితో ఒకసారి. ఒకదాంట్లోనే వస్తే ఫాంట్‌ది. రెండింట్లోనూ వస్తే మీ సీఎస్ఎస్‌ది, అంటే పేజీ రూపం చెప్పే కోడ్‌ది. అదీ కాకపోతే అక్షరాలను కూర్చే ఇంజన్‌ది కావచ్చు. ఆ ఇంజన్ పేరు హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. అక్కడ ఒక్క తెలుగు లోపం దిద్దితే అన్నిచోట్లా దిగుతుంది. ఇష్యూ రాసేటప్పుడు ఇక్కడ మాత్రం ఫొటోలు కావాలి, ఒకటి తప్పుది, ఒకటి సరైనది. పక్కనే యూనికోడ్ సంకేతాల వరస కూడా ఇవ్వు. చూసేవాడికి మన లిపి రాదు, రెండు బొమ్మల్లో ఏది తప్పో కూడా నువ్వే చెప్పాలి.

ఇదేదో చిన్న విషయం అనుకోకు. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా"కి సంబంధించిన ఒక సంకేతాల వరస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ప్రపంచమంతా వార్త అయింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా మనం చెయ్యగలిగింది ఏమీ లేదు, ఆ కోడ్ మనం చూడలేం. హార్ఫ్‌బజ్‌లో అలాంటిది వస్తే అదే రాత్రి నువ్వు తెరిచి చూడొచ్చు.

పంపావు. జవాబు రాలేదు. రెండు వారాలు ఆగు. మర్యాదగా ఒక్కసారి గుర్తు చెయ్యి. తర్వాత ఊరుకో. మీకు అవసరమైతే మీ కాపీలో దిద్దుకుని వాడుకోండి, లైసెన్స్ ఆ హక్కు ఇచ్చింది. తొందరపెట్టడం ఎంత దూరం పోతుందో ఎక్స్‌జెడ్ కథ చదివితే తెలుస్తుంది. ఫైళ్లను కుదించే చిన్న పనిముట్టు అది, లినక్స్ ఉన్న ప్రతిచోటా ఉంటుంది. దాన్ని ఒక్క మనిషి, డబ్బులేమీ లేకుండా, ఒంట్లో మనసులో ఓపిక తగ్గినా చూసుకుంటూ వచ్చాడు. కొన్ని అకౌంట్లు "ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకి అప్పజెప్పు" అని ఆయన్ని సతాయించాయి. సాయం చేస్తున్నట్టు ఏళ్ల తరబడి నమ్మకంగా ఉన్న ఇంకొకడికి చివరికి విడుదల చేసే అధికారం దక్కింది. వాడు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ సెక్యూరిటీ నిపుణుడేమీ కాదు, పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే ఇంజనీరు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వాడు. అర సెకను! మనమైతే నెట్ స్లో అనుకుని ఊరుకునేవాళ్లం.

కొత్త ప్యాకేజ్ తెచ్చేముందు దాన్ని ఎవరు చూసుకుంటున్నారు, చివరి విడుదల ఎప్పుడు, నువ్వే అరగంటలో రాసుకోగలవా అని చూడు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజ్‌ని రాసినాయన తీసేస్తే ఎన్ని కంపెనీల బిల్డులు ఆగిపోయాయో మీ లీడ్‌ని అడుగు, ఆయన వయసుకి గుర్తుంటుంది. ఏ ప్యాకేజ్ ఏ వెర్షన్‌దో రాసి ఉండే లాక్ ఫైల్‌ని కమిట్ చెయ్యడం మరిచిపోకు.

లైసెన్స్ సంగతి రెండు ముక్కలు. కోడ్ పెట్టి పంచుకునే గిట్‌హబ్ సైటులో కనపడిందల్లా ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్స్ ఫైలు లేదంటే హక్కులన్నీ రాసినవాడివే, వాడకూడదు. ఎంఐటీ లైసెన్స్ అయితే కాపీరైట్ నోటీసు ఉంచి వాడుకో. మీ కోడ్‌నీ బయటపెట్టమని అడగగల జీపీఎల్, ఏజీపీఎల్ లైసెన్సులు కనపడితే మీ లీడ్‌కి చెప్పకుండా ప్రాజెక్ట్‌లోకి తేకు. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైటు నుంచి తెచ్చిన కోడ్‌కీ షరతులుంటాయి, పైన లింకు పెట్టు.

మనూరి మాట ఒకటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నవాడివి. చెట్లు, స్తంభాలు పడిపోయి చాలా వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అప్పట్నుంచీ నా లాప్‌టాప్‌లో నేను వాడే భాషల డాక్యుమెంటేషన్ ఆఫ్‌లైన్‌లో ఉంచుకుంటాను. జీల్ అని ఒక పనిముట్టు ఉంది, అదీ ఓపెన్ సోర్సే. కమాండ్ల వివరాలుండే మ్యాన్ పేజీలు ఎలాగూ ఉంటాయి. గిట్‌కి కమిట్ చెయ్యడానికి నెట్ అక్కర్లేదు. తుఫాను లేకపోయినా కిరండూల్ రైల్లో అరకు వెళ్లేటప్పుడు సొరంగాల్లో పనికొస్తుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు నీ ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన ఒప్పందం తీసి చదువు. నువ్వు రాసిన కోడ్ ఏదైనా, ఇంట్లో రాసినా సరే, కంపెనీదే అనే షరతు కొన్నిటిలో ఉంటుంది. ఉంటే, ఫలానా ప్రాజెక్ట్‌కి ఫలానా దిద్దుబాటు పంపుతాను అని మేనేజర్‌కి మెయిల్ పెట్టి, సరే అన్న జవాబు దాచుకో. నోటిమాట చాలదు. గిట్‌లో ఈమెయిల్ ఏది పెట్టావో కూడా చూడు. కమిట్‌తో పాటు అది అందరికీ కనపడుతూ ఉండిపోతుంది. ఆఫీసు చిరునామా ఉద్యోగం మారితే పోతుంది, సొంతది పెడితే స్పామ్ వస్తుంది. గిట్‌హబ్ సెట్టింగుల్లో ఈమెయిల్ దాచే చిరునామా ఇస్తారు, అది పెట్టుకో.

ఆదివారం మధ్యాహ్నం ఎంవీపీ కాలనీకి భోజనానికి వచ్చెయ్యి. ఒత్తులు తెగే ఆ పేజీ లాప్‌టాప్‌లో తీసుకురా, ఫాంట్‌దా సీఎస్ఎస్‌దా చూద్దాం.

పిన్ని