రంగు పడని హిస్టోగ్రామ్

ప్రశ్న: ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో 32 కార్ల వివరాలున్న ఎంటీకార్స్ డేటా తీసుకుని, జీజీప్లాట్2 అనే గ్రాఫ్‌ల ప్యాకేజీతో మైలేజీకి హిస్టోగ్రామ్ (ఏ విలువల మధ్య ఎన్ని కార్లున్నాయో చూపే స్తంభాల గ్రాఫ్) గీస్తున్నాను. సిలిండర్ల సంఖ్యను బట్టి స్తంభాలకు రంగులు రావాలని ఫిల్‌కు (స్తంభం లోపలి రంగు) సిలిండర్ల సంఖ్య ఉండే సిల్ కాలమ్ ఇచ్చాను. అన్నీ బూడిద రంగులోనే వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: చిక్కంతా సిల్ కాలమ్‌లో ఉంది. అందులోని 4, 6, 8 అంకెలు కాబట్టి జీజీప్లాట్2 వాటిని కొలతగా చూస్తుంది, వర్గాలుగా కాదు. 32 కార్లనూ ఒకే గుంపుగా లెక్కేసి ఫిల్‌ను వదిలేస్తుంది. ఆ సంగతి కన్సోల్‌లో హెచ్చరికగా కనిపిస్తుంది కూడా, చాలామంది దాన్ని చదవరు. సిల్‌ను ఫ్యాక్టర్‌గా, అంటే వర్గాల కాలమ్‌గా మార్చి ఫిల్‌కు ఇవ్వండి, మూడు రంగులూ వస్తాయి. ఒకదానిపై ఒకటి పేర్చమని విడిగా చెప్పక్కర్లేదు, పొజిషన్ (స్తంభాల అమరిక) మామూలుగానే స్టాక్ (పేర్చడం). ఫిల్ బదులు కలర్ రాస్తే అంచు గీతకే రంగు పడుతుంది.

బిన్లు, అంటే ఒక్కో స్తంభం కిందికి వచ్చే విలువల విరామాలు, మీరే పెట్టుకోండి. ఏమీ ఇవ్వకపోతే 30 బిన్లు చేస్తుంది, 32 కార్లకు అవి మరీ ఎక్కువ. బిన్‌విడ్త్ (బిన్ వెడల్పు) 2.5, బౌండరీ (ఒక బిన్ అంచు) 10 ఇస్తే అంచులు 10, 12.5, 15 అంటూ శుభ్రంగా పడతాయి.

పేర్చిన హిస్టోగ్రామ్‌లో అడుగున ఉన్న వర్గాన్ని మాత్రమే బిన్ నుంచి బిన్‌కు నికరంగా పోల్చగలం. 6 సిలిండర్ల ముక్కే చూడండి: 17.5–20 బిన్‌లో 2 దగ్గర మొదలై 6 దాకా లేస్తుంది, పక్కనున్న 20–22.5 బిన్‌లో 0 నుంచి 3 దాకా. అంటే 4 కార్లు, 3 కార్లు. కంటికి ఆ తేడా అంత సులువుగా అందదు. ముఖ్యమైన వర్గాన్ని అడుగుకు తెచ్చుకోండి. లెవెల్స్‌లో (ఫ్యాక్టర్‌లోని వర్గాల వరుస) చివర ఉన్నదే అడుగుకు వెళ్తుంది, కాబట్టి 4 సిలిండర్లవి కింద కావాలంటే లెవెల్స్‌ను 8, 6, 4 వరుసలో ఇవ్వాలి. మూడు వర్గాలూ సమానంగా ముఖ్యమైతే పేర్చడం మాని ఫేసెట్‌లుగా, అంటే వర్గానికొక చిన్న గ్రాఫ్‌గా విడగొట్టడమే మేలు.

ప్రశ్న: అవే బిన్లతో పైథాన్ భాషలో సీబోర్న్ అనే గ్రాఫ్‌ల లైబ్రరీలోని హిస్ట్‌ప్లాట్ వాడి, హ్యూకు (వర్గాన్ని బట్టి రంగు) సిల్ ఇచ్చాను. రంగులు వచ్చాయి కానీ ఎత్తులు ఆర్‌తో కలవడం లేదు.

జవాబు: కారణాలు రెండు. హిస్ట్‌ప్లాట్‌లో మల్టిపుల్ (వర్గాల అమరిక) మామూలుగా లేయర్‌గా ఉంటుంది, అంటే ప్రతి వర్గమూ సున్నా నుంచే లేచి ఒకదానిమీద ఒకటి పరుచుకుంటుంది. దాన్ని స్టాక్ చేయండి. రెండోది అంచు మీద పడే విలువ. 15.0 మైలేజీ ఉన్న మాసెరాటి బోరాను ఆర్ 12.5–15 బిన్‌లో వేస్తుంది, సీబోర్న్ 15–17.5లో వేస్తుంది. అందుకే ఆ రెండు స్తంభాలు ఆర్‌లో 4, 6 అయితే సీబోర్న్‌లో 3, 7. ఆర్‌లో క్లోజ్డ్‌ను (బిన్ ఏ వైపు అంచు విలువను తనలో కలుపుకోవాలో చెప్పేది) లెఫ్ట్ చేస్తే రెండూ కలుస్తాయి.