మూడింట రెండు

చిట్టితల్లికి, అత్త ఆశీస్సులు.

నువ్వు కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మొదటి మెట్టు మాండరిన్, అంటే చైనా భాష, దానితోపాటు పునాది లెక్కలు. ఆ తరువాత ఫార్మసీ టెక్నీషియన్ చదువట. "దానికి పదో తరగతి నుంచే లెక్కలంటే భయం కదమ్మా" అన్నాడు. "భయం దానికి కాదు, నీకు" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ముప్పయి నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలను పెట్టుకుని బయలుదేరావు. మా ఇంట్లో ఆడవాళ్ళకు ఈ పొగరు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. దానివల్ల ఏం జరుగుతుందో కూడా తెలుసు కనుకే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. పుస్తకాలు కొనేముందు లైబ్రరీలో అడుగు. మొదటి రోజు జ్వరం వచ్చినా వెళ్ళు, లేకపోతే నీ పేరు కొట్టేసి, బయట ఎదురుచూస్తున్నవాళ్ళకు ఆ చోటు ఇచ్చేస్తారు. క్లాసు బరువును ఇక్కడ యూనిట్లలో కొలుస్తారు కదా, మాండరిన్ 5 యూనిట్లన్నావట. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్ 46 డాలర్లు, అంటే 230, ఆపైన చిల్లర రుసుములు. లెక్కల క్లాసు యూనిట్లు లేని నాన్‌క్రెడిట్ కనుక దానికి ఫీజు లేదు. ఉచితమే కదా అని పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఎగ్గొట్టావో, ఊరుకోను. వంట మీ ఆయన చూసుకుంటాడు. చేతకాదంటే నా దగ్గరకు పంపు, నేర్పిస్తాను.

రాత్రి తొమ్మిదిన్నరకు క్లాసు వదులుతారని విన్నాను. కారు దీపస్తంభం కిందే పెట్టు. తాళాలు క్లాసులోనే చేతిలోకి తీసుకో, కారు పక్కన నిలబడి సంచీలో వెతుక్కోకు. కారు దాకా తోడు పంపమని కాలేజీ కాపలావాళ్ళను అడగవచ్చు. అడుగు, చిన్నతనమేమీ కాదు. మీ మామయ్య ఈ పేరా చదివితే నవ్వుతారు, నవ్వనీ.

మాండరిన్ సంగతి. ఇంగ్లీషు అక్షరాలతో రాసే పిన్యిన్ చూసి మోసపోకు. అందులో 'బి' అని ఉన్నది నోట్లో మన 'ప'. 'పి' అని ఉన్నది పెదవులు కలిపి ఊపిరి వదిలే అసలైన 'ఫ', పళ్ళు తగిలించి పలికేది కాదు. అలాగే 'డి' అంటే 'త', 'టి' అంటే 'థ'. 'జి', 'కె' ఉన్నచోట 'క', 'ఖ'. వర్ణమాలలో ఒత్తులు దిద్దినదానివి, పుస్తకం అంచున తెలుగులో రాసుకో, ఎవరేమన్నా సరే.

స్వరాలు నాలుగు, ఏ స్వరమూ పట్టని తేలికపాటిది ఇంకొకటి. 'మై' అని గొంతు కిందికి దించి పలికితే కొనడం, గద్దించినట్టు పైనుంచి విసిరితే అమ్మడం. నేను ఒక చైనా కూరల దుకాణంలో "ఈ వంకాయలు అమ్ముతాను" అన్నాను. ఆవిడ నా ఖాళీ సంచీలోకి తొంగి చూసింది. ప్రశ్న అడిగేటప్పుడు మనకు చివర గొంతు లేస్తుంది చూడు, అక్కడ అలా లేపితే మాటే మారిపోతుంది. ప్రశ్నకు వాళ్ళు వాక్యం చివర 'మా' తగిలిస్తారు, మనం 'వచ్చాడు'ను 'వచ్చాడా' చేసినట్టు. బొమ్మల్లాంటి ఆ అక్షరాలను గీతల వరుస తప్పకుండా రోజుకు ఐదు దిద్దు, చాలు. ఇంట్లో చైనా భాష వింటూ పెరిగిన పిల్లలు కూడా అదే క్లాసులో ఉంటారు. వాళ్ళు గడగడా మాట్లాడుతుంటే నీకు నోరు పెగలదు. ఆ రోజే జాగ్రత్త.

ఎందుకు జాగ్రత్తో చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1996లో నేను ఇక్కడి ఒక కాలేజీలో లెక్కల క్లాసులో చేరాను. అప్పుడు యూనిట్‌కు 13 డాలర్లు, మూడు యూనిట్లకు 39. తెనాలిలో పదో తరగతి లెక్కల్లో నూటికి తొంభై రెండు తెచ్చుకున్నానని ఫ్రీమాంట్‌లో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రెండో వారంలో మాష్టారు భిన్నాల లెక్కలు నోటితో చెబుతూ రాసుకుని చేయమన్నారు. ఆయన 'టూ థర్డ్స్' అన్నారు. మనకు అది మూడింట రెండు. మొదట విన్నది కింద, తరువాత విన్నది పైన. చిన్నప్పటి నుంచి నా చేతికి అదే అలవాటు. ఆయన వేగానికి చెవి ఇంగ్లీషులో విన్నది, చెయ్యి తెలుగులో రాసింది. కింద రెండు, పైన మూడు. అన్నీ తలకిందులే.

పదికి రెండు వచ్చాయి. కాగితం నా బల్ల మీద బోర్లా పెట్టకుండా, అందరికీ కనిపించేలా పెట్టి వెళ్ళారు. ముందు బల్లలోని కుర్రవాడు వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, మళ్ళీ ముందుకు తిరిగాడు. మాష్టారు గదిలో వారానికి రెండు గంటలు మాకోసమే కూర్చునేవారు. వెళ్ళి "సార్, నేను వరుస తిరగేసి వింటున్నాను" అంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. అడిగితే తెలియదని తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను.

మర్నాటి క్లాసు నుంచి వెళ్ళడం మానేశాను. ఇంట్లో చెప్పలేదు. సంచీ తగిలించుకుని, పెరుగన్నం డబ్బా పెట్టుకుని బయలుదేరేదాన్ని. రెండు వీధుల అవతల డబ్బులు వేస్తే బట్టలు ఉతికే దుకాణం ఉండేది. ఎవరివో బట్టలు అద్దం వెనక తిరుగుతుంటే చూస్తూ కూర్చుని, క్లాసు వదిలే వేళకు ఇంటికి వచ్చేదాన్ని. "ఈరోజు ఏం చెప్పారు?" అని మీ మామయ్య అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని. టర్ము అయిపోయేదాకా అంతే.

కాలేజీలో ఒక కాగితం నింపి పేరు తీయించుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. నేను అదీ చేయలేదు. మానేస్తే వాళ్ళే తీసేస్తారనుకున్నాను. తప్పినట్టు ఎఫ్ వచ్చింది. తరువాత అదే క్లాసు మళ్ళీ చదివి బి తెచ్చుకున్నాను. మార్కుల సగటులోంచి ఎఫ్ పోయింది గాని మార్కుల కాగితం మీదినుంచి పోలేదు.

అందుకని మాండరిన్ క్లాసు మొదటి రోజునే రెండు తేదీలు క్యాలెండరులో ఎర్రగా రాసుకో. మొదటి తేదీలోగా పేరు తీయించుకుంటే ఆనవాలే ఉండదు. రెండో తేదీలోగా అయితే మధ్యలో మానుకున్నట్టు 'డబ్ల్యూ' అని పడుతుంది, దానికి ఎవరూ ఏడవరు. మానాలనిపిస్తే మానేయమ్మా, నేను ఏమీ అనను. చెప్పకుండా మాత్రం మాయం కాకు.

ఇంకొకటి చెప్పాలి. చాలా ఏళ్ళ తరువాత సర్క్యూట్ బోర్డుల కంపెనీలో నా పక్క బల్ల చైనా ఆవిడ రొట్టెను మూడు ముక్కలు చేసి, రెండు నా వైపు జరిపి, "సాన్ ఫన్ జి అర్" అంది. విడదీసి చెప్పమన్నాను. మూడు భాగాలలో రెండు. మూడు ముందు, రెండు తరువాత! తినకుండా రెండోసారి, మూడోసారి చెప్పించుకున్నాను. మా నాయనమ్మ కొట్లో కూర్చుని "పరకా పరకా కలిస్తే పావు" అంటూ ఎనిమిదో వంతులు వేళ్ళ మీద కలిపేది. ఆవిడ ఉంటే ఈ రొట్టె కథ చెప్పేదాన్ని. భిన్నాల పాఠం వచ్చినప్పుడు ఇంగ్లీషులో తికమకపడితే నీలో నువ్వు తెలుగులో అనుకో, కావాలంటే చైనా భాషలో అనుకో, రాసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగు.

మొదటి క్లాసు అయ్యాక ఫోన్ చెయ్యి, పదైనా మేలుకొనే ఉంటాను. ఈ కవరులో ఆ పాత మార్కుల కాగితం నకలు పెడుతున్నాను. ఇన్నేళ్ళూ చీరల అడుగున ఉంది. మీ మామయ్య ఇంతవరకు చూడలేదు. ఇప్పుడే కాఫీకి లేచారు. కవరు అంటించేలోపు చూపిస్తాను.

అత్త